సీసాకెక్కని హార్స్‌రాడిష్

ఆ ఉదయం లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: అత్తగారిని టాక్సీ ఎక్కించి, రాత్రికి తన మంచం మీద తాను కాళ్లు బారజాపుకుని పడుకోవడం. ఆవిడ వచ్చింది మొదలు ఆయన పడక హాల్లో సోఫా మీదే. సోఫా పొట్టిది, ఆయన పొడుగు.

ఆ సంబరంలో నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా! లేదు, కొరివితో తల గోక్కున్నారు. పెరట్లో ప్రాణంగా పెంచుకున్న హార్స్‌రాడిష్ వేరు తవ్వి, నూరి, సీసాకెత్తి అత్తగారి చేతిలో పెడదామనుకున్నారు. చూడ్డానికది మట్టి కొట్టుకున్న కర్రముక్క. నలిగితే మాత్రం ఆవాల ఘాటుకి అన్నగారు. ఆవిడకి తెలియకూడదని వంటింటి తలుపూ కిటికీలూ మూసి, మిక్సీ తిప్పి, మూత తీసి వాసన చూశారు.

"అమ్మో!" అన్న కేక సగంలోనే ఆగిపోయింది. కళ్లా ముక్కా ధారలు కట్టాయి. పరిగెత్తుకొచ్చిన భార్య "ఏమైందండీ?" అంటూనే కళ్లు మూసుకుని కూలబడింది. పెట్టె కోసం వచ్చిన టాక్సీ డ్రైవరుకీ గుమ్మంలోనే వెక్కిళ్లు మొదలయ్యాయి.

అప్పుడొచ్చారు అత్తగారు.

"ఏవిటిదంతా! నేను వెళ్తున్నాననేనా?"

మాస్టారు కాదు కాదని రెండు చేతులూ ఊపారు.

"వెళ్లొద్దంటావా బాబూ? నీకు బరువైపోయాననుకున్నానే!"

"అది కాదమ్మా..." అని కూతురు దగ్గులో పడింది.

"ఎంతమందినో ఎక్కించానమ్మా," అన్నాడు డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ, "ఇంత ప్రేమ ఎక్కడా చూళ్లేదు."

"అయితే పెట్టె తియ్యకు నాయనా. నేను రావట్లేదు."

మధ్యాహ్నానికి గానీ మాస్టారికి గొంతు రాలేదు. వచ్చాక ఉండబట్టలేక చెప్పేశారు.

"అత్తయ్యగారూ, అది ఏడుపు కాదండీ. ఆ వేరు ఘాటు."

"తెలుసు బాబూ. నాకు మాత్రం ముక్కు లేదూ?" అన్నారావిడ. "నేను ఏ ఇంట్లోంచి బయల్దేరినా అందరూ నవ్వుతూ పెట్టె మోస్తారు. ఒక్క ఇంట్లోనైనా ఏడ్చారు కదా అని ఆశపడ్డాను. వెళ్లమంటే రేపే వెళ్తాను."

మాస్టారు సోఫా వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు.

"ఉండండి," అన్నారు. ఈసారి వచ్చిన కన్నీళ్లు సొంతవే. అవి ఆవిడ కోసమో మంచం కోసమో ఆయన్నే అడగాలి.

టాక్సీ డ్రైవరు ఆ సాయంత్రమే వెళ్లి తన అత్తగారిని ఇంటికి తెచ్చుకున్నాడట.