సర్వరు కూలింది, వరస తేలింది

ప్రతి కార్యాలయంలోనూ ఏడాదికొకసారి బ్యాకప్ సర్వరు కూలిపోవాలి! తనంతట తాను కూలకపోతే మనుషులను పెట్టయినా కూల్చాలి. ఇందుకొక చట్టం తేవాలని పెద్దలకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

నవ్వకండి. సర్వరు పనిచేయని రోజున గుమాస్తా తలెత్తి ఎదుటి మనిషి ముఖం చూస్తాడు. పక్క బల్ల మీద కూర్చునేదెవరో తెలుసుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఒకే గదిలో పనిచేస్తున్న ఇద్దరు, తాము వియ్యంకులమన్న సంగతి అలాంటి రోజునే గుర్తుతెచ్చుకున్నారని విన్నాను. ఇంతకన్నా మేలు ఇంకేం కావాలి?

బ్యాకప్ సర్వరంటే తెలియని పాఠకులకు రెండు ముక్కలు చెబుతాను. ఆఫీసు కాగితాలన్నీ అసలు సర్వరు కడుపులో ఉంటాయి. అది ఎప్పుడు గుటుక్కుమంటుందోనన్న భయంతో పక్కన ఇంకొకదాన్ని కూర్చోబెట్టి, రోజూ అన్నిటికీ నకలు తీయిస్తారు. ఇంటి తాళంచెవి ఇంకోటి పక్కింట్లో ఉంచినట్టన్నమాట. తాళంచెవి కావలసిన రోజునే పక్కింటివాళ్లు ఊరెళతారన్నది వేరే సంగతి.

ఒక కంటి ఆసుపత్రిలో జరిగింది అదే.

అక్కడ కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గదికీ విరిగిన స్ట్రెచర్లు పడేసే గదికీ మధ్య, కిటికీ లేని గది ఒకటి ఉంది. అందులో రెండు సర్వర్లు, వాటికొక ఏసీ, వాటిని చూసుకునే ఒక మనిషి. ఆసుపత్రి మొత్తం ఆయన్ని సర్వరయ్య అంటుంది. ఏసీ సర్వర్ల కోసం. సర్వరయ్యకు స్వెట్టరు ఉంది.

సర్వరయ్యను పెంచింది మేనత్త. కుట్టుమిషను తొక్కి పెంచింది. రెండేళ్ల కిందట ఆవిడ కంటి నల్లగుడ్డు మీది పొర మసకబారి, సూదిలో దారం ఎక్కించలేకపోయింది. దానం చేసిన కన్ను వస్తే తప్ప చూపు రాదని డాక్టర్లు చెప్పారు. అలాంటి కళ్లు నెలకు ఒకటో రెండో వస్తాయి. ఎదురుచూసేవాళ్లు నూరుమంది. ఎవరి తరువాత ఎవరన్నది కంప్యూటర్లో ఉంటుంది.

ఐదు నెలలుగా అత్త నంబరు పన్నెండు.

"నా నంబరెంతరా నాయనా?" అని ఆవిడ రోజూ అడిగేది.

"పన్నెండే అత్తా."

"నిన్నా పన్నెండే కదరా! ఈ మధ్య ఆరుగురికి కళ్లు పెట్టారు. నేనొక్క మెట్టయినా దిగలేదేం?"

"సిస్టమ్‌లో అలా ఉందత్తా."

పాఠకులారా, ఈ మాటకు ఎదురు చెప్పగల మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. తలరాత అంటే కనీసం రాసినవాణ్ణి తిట్టుకోవచ్చు. సిస్టమ్‌ను ఏమని తిడతాం? జాబితా ఎక్కించేది డైరెక్టరుగారి గదిలో. సర్వరయ్య పని దాన్ని భద్రంగా దాచడం వరకే. పెట్టె మోసేవాడు పెట్టె తెరిచి చూడడు కదా. అత్త నంబరు కూడా ఆయన అందరిలాగే కౌంటరు దగ్గర అడిగి తెలుసుకునేవాడు.

ఒక సోమవారం ఉదయం అసలు సర్వరులోంచి పొగ వచ్చింది. సర్వరయ్య కంగారుపడలేదు. బ్యాకప్ ఉందిగా! రోజూ ఎనిమిది గంటలకు "బ్యాకప్ విజయవంతం" అని మెయిలు వస్తోందిగా! ఆ ఉదయం కూడా వచ్చింది. ధీమాగా వెళ్లి రెండో సర్వరు తలుపు తీశాడు. అది చచ్చి తొమ్మిది రోజులయింది.

మరి మెయిలు ఎలా వచ్చింది? మన పనితనంలోని అందమంతా అక్కడే ఉంది. చాలాకాలం కిందట ఒకరోజు "బ్యాకప్ విఫలం" అని మెయిలు వస్తే డైరెక్టరుగారికి కాఫీ చేదెక్కింది. "ఏమయ్యా, పొద్దున్నే ఈ అపశకునం ఏమిటి? విఫలం అన్న మాట నా మెయిల్లో కనబడకూడదు!" అన్నారు. కొత్త డిస్కులు కొంటే కనబడదని సర్వరయ్య విన్నవించుకున్నాడు. "చూద్దాం" అన్నారు. చూద్దామంటే ఏమిటో మీకు తెలుసు. కనుక సర్వరయ్య ఆ మాట కనబడకుండా మాత్రమే చూశాడు. అప్పటినుంచి నకలు జరిగినా జరగకపోయినా, వేరే కంప్యూటరు ఒకటి ఎనిమిదింటికల్లా విజయం చాటుతూనే ఉంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఈ కుక్క అప్పటికీ మొరగలేదు. రోజూ తోక ఊపింది.

డైరెక్టరుగారు ఆ వారం ఊళ్లో లేరు. నిరంతర బ్యాకప్‌లో తమ ఆసుపత్రి సాధించిన ప్రగతి గురించి ప్రసంగించడానికి వేరే ఊరు వెళ్లారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే గంటలో సర్జనమ్మ ఫోన్ చేసింది. "రెండు కళ్లు వచ్చాయి. రేపు పొద్దునకల్లా మొదటి రెండు పేర్లు కావాలి. ఆలస్యమైతే కళ్లు పాడైపోతాయి."

సర్వరయ్య స్టోరులో బతిమాలి కొత్త డిస్కులు తెచ్చి బిగించాడు. సాఫ్ట్‌వేరంతా మళ్లీ ఎక్కించాడు. మధ్యాహ్నానికి బ్యాకప్ సర్వరు లేచి కూర్చుంది. శుభ్రంగా, నిగనిగలాడుతూ, ఖాళీగా! పాత డిస్కులు రెండింటిలో ఒకదానికి కొన ఊపిరి ఉంది. అందులోంచి డేటా తోడే ప్రోగ్రాము పెడితే "ఇంకా మూడు రోజులు" అని చూపించింది.

రోగులు కూర్చునే హాల్లో బెంచీ మీద అత్త ఉంది. సర్వరయ్య వెళ్లి పక్కన కూలబడ్డాడు. "జాబితా పోయిందత్తా" అన్నాడు.

"ఎక్కడికి పోతుందిరా? రెండేళ్లుగా ఈ బెంచీలు అరగదీస్తున్నాం. ఎవరి వెనక ఎవరో మాకు తెలియదట్రా? వెళ్లి అడుగు. నీ నంబరెంత అని మాత్రం అడక్కు, అందరూ ఒకటే అంటారు. నీ ముందెవరని అడుగు."

ఇంత సులువైన ప్రోగ్రాము ఏ కాలేజీలోనైనా చెబుతారా?

సోమవారం తనిఖీల రోజు కనుక చాలామంది అక్కడే ఉన్నారు. రానివాళ్ల నంబర్లు వాళ్ల దగ్గరే తీసుకుని ఫోన్లు చేశాడు. చూపు లేనివాళ్లు కనుక ముఖాలతో పనిలేదు, గొంతులే గుర్తులు. "నా ముందు పొడిదగ్గు టైపిస్టు." "నా ముందు చేతికర్ర రెండుసార్లు టకటకలాడించి కూర్చునే హెడ్‌మిస్ట్రెస్‌గారు." ఒకరు చెప్పినదాన్ని ముందువాళ్లతో సరిచూశాడు. అత్తను కావాలనే అందరికన్నా చివర అడిగాడు. సాయంత్రానికి తొంభై ముగ్గురి వరస తేలింది. అందులో ఒక్కరు కూడా తమ వంతు దాటి ముందుకు జరగలేదు. రెండు కళ్లూ ఉన్న మనం బస్సు దగ్గర ఇలా నిలబడగలమా?

అత్త ఐదో మనిషి. పన్నెండు కాదు, ఐదు!

మొదటివాడు రిటైరైన బస్సు డ్రైవరు. "నా ముందు ఎవరూ లేరు బాబూ. ఐదు నెలలుగా లేరు. మీ కంప్యూటరే ఏడుగురున్నారంటుంది. వాళ్ల గొంతు మేమెవరమూ వినలేదు" అన్నాడు.

పెద్దాయన పొరబడ్డాడనుకున్నాడు సర్వరయ్య. సర్జనమ్మ ఆ వరస రాసిన కాగితం మీదే సంతకం పెట్టింది. మర్నాడు డ్రైవరుకూ హెడ్‌మిస్ట్రెస్‌గారికీ ఆపరేషన్లు అయిపోయాయి.

గురువారం మధ్యాహ్నం పాత డిస్కు కక్కేసింది. నూరు రికార్డులు, ఒక్క అక్షరం చెడలేదు. జాబితాలో మొదటి ఏడు పేర్లూ ఆ హాల్లో ఎవరూ ఎరగనివి. ఫోన్ నంబరు గడిలో ఏడుగురికీ ఒకటే నంబరు. సర్వరయ్యకు ఆ నంబరు బాగా తెలుసు. "ఏమయ్యా" అన్న పిలుపు వచ్చేది అక్కడినుంచే. ఆ ఏడుగురిలో ఒకరు కన్ను పెట్టించుకుని వెళితే, ఆ ఖాళీలో ఇంకొకరు వచ్చి కూర్చుంటున్నారు. అత్త పన్నెండో మెట్టు మీద అన్నాళ్లు ఎందుకు నిలబడిపోయిందో అప్పుడు తెలిసింది. రోజూ ఆవిడకు "సిస్టమ్‌లో అలా ఉంది" అని సర్దిచెప్పింది తనే కదా! సర్వరయ్యకు సిగ్గేసింది.

సాయంత్రం డైరెక్టరుగారు శాలువాతో దిగారు.

"ఏమయ్యా, డేటా వచ్చిందా?"

"వచ్చిందండి. నూటికి తొంభై మూడు."

"మిగతా ఏడూ?"

"పాడైపోయాయండి. తమరు పేర్లు రాసి, సంతకం పెట్టి ఇస్తే మళ్లీ ఎక్కిస్తాను. జాబితా హాల్లో గోడకు అంటించి, ప్రతి సోమవారం పైకి చదవమన్నారు సర్జనమ్మ. ఆ పేర్లూ చదివిస్తాను."

డైరెక్టరుగారు ఏసీ వంక చూశారు. సర్వరయ్య స్వెట్టరు వంక చూశారు. తేలు కుట్టిన దొంగ కేక పెడతాడా? "సర్లే, తొంభై మూడంటే ఫస్ట్‌క్లాసే" అని వెళ్లిపోయారు.

ఇందులో సర్వరయ్య స్వార్థం లేదా అని మీరడగవచ్చు. ఉంది. ఆపరేషన్లయిన ఇద్దరూ పోను పదో నంబరు కావలసిన అత్త మూడుకు వచ్చింది. ఆవిడతోపాటు ఇంకో తొంభైమంది కూడా ఏడేసి మెట్లు దిగారు.

రెండు నెలల తరువాత అత్త కంటికి కట్టు విప్పారు. కన్నీళ్లు పెట్టుకుంటుందేమోనని నర్సు దూది పట్టుకుని నిలబడింది. అత్త మేనల్లుణ్ణి తేరిపార చూసి, దగ్గరికి లాగి, కాలరు పట్టుకుంది. "ఎవడ్రా ఈ చొక్కా కుట్టినవాడు? ఇంత వంకర కాలరేసుకుని ఊరంతా తిరుగుతున్నావా?" అంది. దూది సర్వరయ్యకు పనికొచ్చింది.

కాబట్టి పాఠకులారా, నా కోరిక అన్యాయమైందేమీ కాదు. ఏడాదికొకసారి కూలితే చాలు. కాని నాకొకటే బెంగ. డైరెక్టరుగారు ఈసారి మేలైన సర్వర్లు తెప్పిస్తున్నారు. బ్యాకప్‌కు బ్యాకప్, దానికి ఇంకో ఊళ్లో ఇంకో బ్యాకప్. పదేళ్లదాకా కూలే ప్రసక్తే లేదని కంపెనీవాడు హామీ ఇచ్చాడట. అవి వచ్చిన రోజునే హాల్లో గోడమీది కాగితం తీసేస్తారు. ఇక దానితో పనేముంది? అంతా సిస్టమ్‌లోనే ఉంటుంది.