ఇరవై ముఖాల సంతకం

నలభై దాటిన ప్రభుత్వోద్యోగి ఆడుకోరాదని ఏ జీవోలోనూ లేదు. ఆడుకోవచ్చనీ లేదు కాబట్టి, పెనుకొండలోని పేర్ల సవరణ విభాగం (అది ఒక గది) సూపరింటెండెంటు గంగాధరప్ప ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆ సాహసం చేయలేదు.

2003 వేసవిలో ఓ ఆదివారం హిందూపురంలో అక్క ఇంటికి పోతే, బెంగళూరులో చదివే మేనకోడలు హరిత ఆయన్ని ఒక ఆటలో కూర్చోబెట్టింది. ఆమె కథ చెబుతుంది. తక్కినవాళ్లు అందులో మనుషులై తామేం చేస్తారో చెప్పాలి. అది అవుతుందో కాదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గంగాధరప్ప యోధుడు.

"వంతెన మీద రాక్షసుడు నిలబడుండాడు. ఏం చేస్తావు మామా?"

"ఎవర్ని అడగల్ల పాపా?"

"ఎవర్నీ అడిగేది లేదు. నీ ఇష్టం."

'నీ ఇష్టం' అని ఆయనతో ఎవరూ (పెళ్లిచూపుల్లో కూడా) అని ఉండలేదు.

"తోసేస్తా," అన్నాడు సన్నగా.

పాచిక పద్దెనిమిది చూపింది. రాక్షసుడు ఏట్లో పడ్డాడు. గంగాధరప్ప గంతేసిన చప్పుడుకు అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. సాయంత్రానికి రెండు గుహలు, ఒక కోట జయించి, బస్సెక్కేముందు ఆ పాచికను అడిగి తెచ్చుకున్నాడు.

సోమవారం ఆఫీసుకు కుళ్లాయప్ప వచ్చాడు. రేషన్ కార్డులో ఆయన పేరు కుళ్లాయమ్మ అని పడి మూడేళ్లయింది. డీలరు బియ్యమివ్వడు; ఆయమ్మనే పిలుచుకు రమ్మంటాడు. ఇది పధ్నాలుగో అర్జీ. గంగాధరప్ప అలవాటుగా "పైనుంచి రావల్ల" అనబోయి, ఆగి, పాచికను ఆయన చేతిలో పెట్టాడు.

"పది దాటితే సంతకం పెడతా. వెయ్యప్పా."

కుళ్లాయప్ప కళ్లు మూసుకొని వేశాడు. పదమూడు. సంతకం పడింది. కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసుకొని, "నేను మగోణ్ణే సార్!" అంటూ ఏడ్చేశాడు.

నెల తిరిగేసరికి గుడిబండ నుంచి జనం బస్సుల్లో రాసాగారు. పది దాటనివాళ్లు కూడా "వచ్చే వారం మళ్లీ వేస్తాం" అని నవ్వుతూ వెళ్లేవారు. ఫైళ్లు కదులుతున్నాయన్న ఫిర్యాదు మీద ధర్మవరం నుంచి విచారణాధికారి సుబ్బలక్ష్మమ్మ దిగింది.

"సగం మందికే పనైతాండాదంట?"

"ముందు ఎవరికీ కాకుండె మేడం."

"అప్పుడు ఎవరన్నా అన్యాయమనిరా?"

గంగాధరప్ప నిజాయితీగా ఆలోచించాడు. ఎవరూ అనలేదు.

పాచిక జప్తయింది. సగం ప్రజల పట్ల వివక్ష చూపినందుకు ఆయనకు మెమో వచ్చింది. ఆనాటి నుంచి ఆ విభాగంలో సమానత్వం పూర్తిగా అమలవుతోంది. ఎవరి పనీ కావడం లేదు.