పుదీనాకు వేసిన పందిరి

పాతిన చోటే పాతుకుపోయే వస్తువంత దండగమారిది లోకంలో మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. వస్తువన్నాక విప్పడానికి రావాలి, చుట్టడానికి రావాలి, అడిగినవాడి భుజమెక్కి పోవడానికి రావాలి!

కాదంటారా? అయితే మన ఆదోని సంగతే చూడండి. నిన్నమొన్నటిదాకా బళ్ళారి జిల్లాలో ఉన్న తాలూకా. ముడి విప్పి తెచ్చి కర్నూలుకు కట్టారు. మనలో ఎవడికైనా కాలు బెణికిందా? అదే కర్నూలులో గుడారాలు వేసి రాజధాని అన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి గుడారాలు చుట్టి హైదరాబాదు పట్టుకుపోయారు. రాజధానినే చుట్టుకుపోగలిగిన జాతికి ఒక పుదీనా పందిరి ఏపాటి? ఆ పందిరి ఘనత చెప్పడానికే ఈ వారం కలం పట్టాను.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉంది. ఊరి చివర, బావి పక్కన, గఫూర్ సాబ్‌కు చిన్న మడి ఉంది. మడి పేరుకు ఆయనది, పెత్తనం ఆయన భార్య హమీదాబీది. ఆమె అందులో పుదీనా పెంచుతుంది. ఆ పుదీనా వేరు ఆమె కాపురానికి వచ్చేటప్పుడు దేవనకొండలోని పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నది. తల్లి పోయి చాలా కాలమైంది. ఆ తల్లి చేత్తో నాటినవాటిలో ఈ వేరొక్కటే మిగిలింది. కనుక హమీదాబీకి అది వట్టి ఆకు కాదు.

ఏటా ఉగాది దాటితే ఎండకు ఆకు మాడేది, వేరు మాత్రం ఎట్లాగో ప్రాణం ఉగ్గబట్టుకుని తొలకరిదాకా బతికేది. ఈ ఏడు వేరు కూడా నల్లబడడం మొదలుపెట్టింది. పైగా రంజాను వచ్చి సరిగ్గా ఎండాకాలం నడినెత్తిన కూర్చుంది! సాయంత్రం ఒక్కపొద్దు విడిచేటప్పుడు తాగే గంజిలోకి ఆదోని ఆదోనంతా పుదీనా కోసం వెతికే నెల అది.

సరిగ్గా అప్పుడే బ్లాకు ఆఫీసువారి గ్రామసేవకుడు ప్రభుదాసు సైకిలు దిగాడు. మంచివాడు. పైవాళ్ళు చెప్పినదంతా నమ్ముతాడు. ఆయన సంచిలో ఒక బొమ్మ ఉంది. ఎక్కడో మంచు కురిసే దేశంలో గాజుతో కట్టిన ఇల్లు, లోపల పచ్చగా కూరాకులు. దాన్ని గ్రీన్‌హౌస్ అంటారట.

“ఆ దేశంలో సలికి ఆకు సచ్చిపోతాది సాబూ. అందుకని ఎండను ఇంట్లో పెట్టి తలుపేసుకుంటారు,” అని ప్రభుదాసు వివరించాడు.

గఫూర్ సాబ్ బొమ్మను చూశాడు, నెత్తిమీది సూర్యుణ్ణి చూశాడు. “ఎండ తక్కువైతే మనకు సెప్పమనప్పా. ఈడినుంచి బండ్లకెత్తి పంపిద్దాం,” అన్నాడు.

నవ్వుకున్నారు గాని ఇద్దరికీ ఆలోచన తట్టింది. చలిని బయట నిలబెట్టే ఇల్లు అక్కడ ఉంటే, ఎండను బయట నిలబెట్టే ఇల్లు ఇక్కడ ఎందుకు ఉండకూడదు? గాజు తీసేస్తే సరి! మడి చుట్టూ వెదురు బొంగులు పాతారు. ఆదోని మిల్లుల్లో పత్తి బేళ్ళకు చుట్టి, ఆనక విప్పి పారేసిన గోనెపట్టాలు తెచ్చి పక్కలకు కట్టారు. కప్పుకు ఎమ్మిగనూరు మగ్గాలమీద నేసిన దుప్పట్లు పరిచారు. పాతబడి పల్చనైనవి కనుక అవి ఎండలో సగాన్నే లోపలికి రానిచ్చేవి. ఒక్క మేకు కొట్టలేదు. అన్నీ జారుముళ్ళే! పొద్దు వాలితే కప్పు చుట్టేయవచ్చు, తెల్లారితే పరచవచ్చు, వానలు పడితే మొత్తం విప్పి మూలన పెట్టవచ్చు. పట్టాలమీద నీళ్ళు చిలకరిస్తే లోపల గాలి చల్లగా తిరిగేది.

కొన్నాళ్ళకే పుదీనా లేచి కూర్చుంది. హమీదాబీ ఒక ఆకు నలిపి గఫూర్ సాబ్ ముక్కు దగ్గర పెట్టి, “సూడయ్యా, మా యమ్మ సేతి వాసన వస్తాంది,” అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన బొంగులు కదిపి చూస్తూ నిలబడ్డాడు.

అయితే, ముడి లాగితే చాలు ఆ పందిరి ఊడి చేతికి వస్తుందన్న వార్త పుదీనా వాసన కంటే వేగంగా ఊళ్ళోకి పాకింది.

ఇక్కడ మా ఊరి ధర్మం ఒకటి పాఠకులకు మనవి చేసుకోవాలి. పందిరి సామాను ఉన్నవాడి ముందు వక్కాకు పెట్టి అడిగితే, లేదనకూడదు. అడిగేది పెండ్లికైనా సరే, చావుకైనా సరే. రెండూ ఒకేసారి వస్తే చావుకే ముందు. కట్టిన పెండ్లిపందిరి విప్పయినా చావింటికి నీడ ఇవ్వాలి. తాతల కాలం నుంచి దీనిమీద అప్పీలు లేదు.

మొదట తిక్కయ్య వచ్చాడు, కొడుకు పెండ్లి అని వక్కాకు పెట్టాడు. ఊరి పెండ్లికి తన పందిరి కావలసి వచ్చినందుకు గఫూర్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. పుదీనాకు వేసిన నీడలో పెండ్లికొడుకు కూర్చున్నాడు. అది తిరిగొచ్చేలోపే ఏసన్న వచ్చాడు, ఈస్టరు ప్రార్థనకని వక్కాకు పెట్టాడు. దేవుడి పని, కాదంటే పాపం కదా! ఆ వెనక నాటకాలవాళ్ళు తెరకని పట్టుకుపోయారు. ఒక ఎనుము ఈనుతుంటే చాటుకు పట్టుకుపోయారు. మంత్రాలయం పోయే యాత్రికులు బస్సు రాలేదని దాని కింద నిద్రపోయి, బస్సు వచ్చినా లేవలేదు. ఒక గోనెపట్టా తుగ్గలి సంతలో తిరుగుతూ కనిపించిందని కూడా అంటారు, నేను చూడలేదు.

ఇది నష్టమా? ముమ్మాటికీ కాదు! సీజను పొడిగించడానికే కదా గ్రీన్‌హౌస్ పుట్టింది? మా ఊళ్ళో పెండ్లిళ్ళ సీజను పొడుగైంది. నాటకాల సీజను పొడుగైంది. బస్సు కోసం ఎదురుచూసే సీజను సరేసరి. ఇన్ని సీజన్లు పెరుగుతుండగా ఒక్క పుదీనా సీజను తరిగితే దానికి గోల చేయాలా?

గోల చేసింది హమీదాబీ ఒక్కతే. అదీ నోటితో కాదు. పందిరి లేని రోజుల్లో తన పాత చీరలు కర్రలకు కట్టి మడిమీద కప్పేది. ఒక్కపొద్దు ఉండి, గొంతులో తడి లేకుండా, అడుగంటిన బావిలోంచి నీళ్ళు చేది, కడవ మోసి పుదీనాకు పోసేది. ఎందుకమ్మా ఇంత కష్టం అంటే, “నేను పొద్దుగూకేదాకా ఓర్సుకుంటా. అది ఓర్సుకోలేదు,” అనేది.

రంజాను చివరి రోజుల్లో పిడుగులాంటి కబురు వచ్చింది. మా ఊరి గ్రీన్‌హౌస్ కీర్తి విని, దాన్ని స్వయంగా చూడడానికి పెద్ద ఆఫీసరు జీపులో వస్తున్నారు! ప్రభుదాసు చొక్కా ఉతుక్కున్నాడు. ప్రెసిడెంటు బసవన్నకు మాత్రం దిగులు పట్టుకుంది. ఆఫీసరును ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆలోచించి, ఆలోచించి, వక్కాకు పట్టుకుని గఫూర్ సాబ్ ఇంటికి వచ్చాడు.

“ఆయప్ప సూసేకి వచ్చేది ఆ పందిరినే గదన్నా,” అన్నాడు గఫూర్ సాబ్. “దాన్నే విప్పితే ఇంకేం సూస్తాడు?”

“దాని కిందనే కూర్చోని సూస్తాడు లేప్పా. ఎండలో నిలబెడితే ఊరి పరువు ఏం కావల్ల?”

హమీదాబీ గడపలో నిలబడి, “మరి నా పుదీనా?” అంది.

“ఒక్క పూటేనక్కా. ఆయప్ప రెండు మాటలు సెప్పి పోతాడు.”

వక్కాకు పెట్టాక ఇక ఏమంటారు? ముళ్ళు ఊడాయి, పందిరి ఊళ్ళోకి పోయింది. మడి నడి ఎండలో మిగిలింది.

ఆఫీసరు మిట్టమధ్యాహ్నం జీపు దిగి, నీడన కుర్చీలో కూర్చుని, మెడలో దండ వేయించుకుని, రెండు మాటలు మొదలుపెట్టారు. మొదటి మాట ఉత్పత్తి. దానిలోంచి ప్లాను వచ్చింది, ప్లానులోంచి కర్తవ్యం వచ్చింది, కర్తవ్యంలోంచి మళ్ళీ ఉత్పత్తి వచ్చింది. రెండో మాట వచ్చే సూచనలు కనిపించలేదు. మధ్యలో ఆయనకే ఏదో గుర్తొచ్చింది.

“అన్నట్టు, ఆ గ్రీన్‌హౌస్ ఎక్కడ?”

బసవన్న ప్రభుదాసు వైపు చూశాడు. ప్రభుదాసు తన ఉతికిన చొక్కా గుండీల వైపు చూసుకున్నాడు. “సార్... మీరు కూర్చున్నది దాంట్లోనే సార్.”

ఆఫీసరు తలెత్తి కప్పు చూశారు. “భేష్! ఎంత చల్లగా ఉంది! ఇందులో ఏమి పండిస్తున్నారు?”

“ఇప్పటికైతే మిమ్మల్నే సారూ!” అని వెనకనుంచి తిక్కయ్య గొంతు వినిపించింది.

అది పొగడ్త అనుకుని ఆఫీసరు చిరునవ్వు నవ్వి, రెట్టించిన ఉత్సాహంతో ఉత్పత్తిలోకి తిరిగి ప్రవేశించారు.

అప్పుడు వచ్చింది హమీదాబీ. నెత్తిన కొంగు సర్దుకుని, జనం మధ్యనుంచి నడిచి, ఆఫీసరు ముందున్న బల్లమీద ఒక పళ్ళెం పెట్టింది. పళ్ళెంలో వక్కాకు ఉంది. దాని పక్కన ముడుచుకుపోయిన ఒక పుదీనా కొమ్మ ఉంది.

“సారూ, ఈ పందిరి నాకు ఇప్పియ్యి. మా ఇంట్లో సావు అయితాంది.”

ఉపన్యాసం ఆగిపోయింది. “అయ్యో, ఎవరమ్మా?” అన్నారు ఆఫీసరు.

“మా యమ్మ తావునుంచి నాతో వచ్చింది సారూ. ఇదే.” కొమ్మను చూపించింది.

ఎవరో కిసుక్కుమన్నారు. బసవన్న నెత్తి గోక్కుంటూ, “పుదీనా సావు కూడా సావేనా అక్కా?” అన్నాడు.

“నీళ్ళు తాగేది, పిలకేసేది, మాడితే సచ్చేదే గదన్నా? పెండ్లికి ఇచ్చినాను. పండగకు ఇచ్చినాను. ఈ పొద్దు నేను వక్కాకు పెట్టినాను. కాదను సూద్దాం!”

ముందుగా లేచినవాడు తిక్కయ్య. “నా కొడుకు పీటలమీద కూర్చున్న పందిరి ఇది. ధర్మం తప్పేకి లేదు,” అంటూ ఒక ముడి లాగాడు. రెండో ముడి ఏసన్న లాగాడు. మూడోది ఎవరు లాగారో చూసే వ్యవధి లేదు. అయ్యా, జారుముడి మహిమ అప్పుడు చూడాలి! కప్పు అటు పోయింది, పట్టాలు ఇటు పోయాయి, బొంగులు భుజాలెక్కాయి. కుర్చీలో ఆఫీసరు, ఆయన నెత్తిన ఆదోని సూర్యుడు మిగిలారు.

పాఠకులారా, నీడలో తెమలని ఐదేళ్ళ ప్లాను ఎండలో ఒక్క వాక్యంలో ముగిసింది! అంతేకాదు, మీ ఊరికి ఏమి కావాలని ఆయన అడిగారు కూడా. బావి లోతు చేయించమని బసవన్న అన్నాడు. చేయిస్తానని మాట ఇచ్చి ఆయన జీపు ఎక్కారు. ఆ మాటకు కూడా జారుముడే వేసినట్టున్నారు, జీపు మలుపు తిరిగేలోపే ఊడిపోయింది.

పుదీనా చాలావరకు మాడిపోయింది. నీళ్ళు పోసిన ఒక మూలన మాత్రం వేరు బతికింది. పండుగకు ఆదోనికి పోవలసిన గంపలు పోలేదు, ఒక్క పిడికెడు ఆకు వచ్చింది. హమీదాబీ దాన్ని అమ్మలేదు. గంజిలో వేసి, ఆ రోజు ముడి లాగిన ఇళ్ళన్నిటికీ పంపింది. ముడి లాగకపోయినా మా ఇంటికీ ఒక గిన్నె వచ్చింది, బాగుంది.

కాబట్టి పందిరిని విప్పుకునేట్టే కట్టాలన్న నా అభిప్రాయంలో మార్పు లేదు. ఒక్క చిన్న సవరణ మాత్రం చేస్తున్నాను. పెరిగేదాన్ని లోపల ఉంచాలి, మాట్లాడేవాణ్ణి బయట నిలబెట్టాలి. మనవాళ్ళు ఇన్నాళ్ళూ దీన్ని తిరగేసి కట్టారు. అందుకే ఈ సీమలో పంటల కాలం ఇంత పొట్టి, ఉపన్యాసాల కాలం ఇంత పొడుగు!

మొన్న మళ్ళీ కబురు వచ్చింది. ఆఫీసరుగారు ఇంకోసారి వస్తున్నారట, పందిరి సిద్ధంగా ఉంచమన్నారట. బసవన్న వక్కాకు పట్టుకుని మడి దగ్గరికి పోయాడు. హమీదాబీ ధర్మం తప్పలేదు. వక్కాకు కళ్ళకద్దుకుని తీసుకుంది.

“పందిరి ఇస్తానన్నా, లేదనను. విప్పేది మాత్రం లేదు. ఆయప్పనే ఈడికి రమ్మను, పుదీనా పక్కన కూర్చోమను. వచ్చేటప్పుడు బావిలోంచి ఒక కడవ నీళ్ళు సేదుకోని రమ్మను. ఎంత లోతుకు పోయినాయో ఆయప్పకూ తెలుస్తాది.”