గునపం బయటికి ఇవ్వబడదు

మానవజాతి పారని కనిపెట్టడం ఒక ఎత్తు, ఆ పారని పక్కింటివాళ్ళకి అరువివ్వడానికి కమిటీని కనిపెట్టడం ఒక ఎత్తు. రెండోది మా వీధి చివర ఖాళీ స్థలంలో, మా కళ్ళముందే జరిగింది.

ఆ స్థలంలో మేం కొంతమందిమి కలిసి కూరగాయలు పండిస్తున్నాం. (పండించాలనుకుంటున్నాం అనడం న్యాయం.) ఇంటింటికీ ఒక గునపం, ఒక పార కొనుక్కోవడం దండగ, అన్నీ ఒకచోట పెట్టుకుంటే ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు తీసుకెళ్ళొచ్చు అన్న మహత్తరమైన ఆలోచన మా వదినది. అందరికంటే ముందు తన గునపం తెచ్చి ఇచ్చిందీ ఆవిడే. ఆ క్షణం నుంచి ఆవిడకి గునపం లేదు.

దానికి పనిముట్ల లైబ్రరీ అని పేరు పెట్టాం. లైబ్రరీ అన్నాక లైబ్రేరియన్ ఉండాలిగా! పుస్తకాల లైబ్రరీలో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మాలో ఉన్నారు. అక్కడ ఆయన నోట "నిశ్శబ్దం" తప్ప మరో మాట విన్నవాళ్ళు లేరు కాబట్టి నిశ్శబ్దం మాస్టారు అంటాం. కొత్తగా నియమాలు రాయడం ఎందుకని, ఆయన పాతవాటిలోనే పుస్తకం అన్న చోటల్లా పనిముట్టు అని మార్చి, పనిముట్లు పెట్టిన రేకుల షెడ్డు గోడకి అంటించారు. పనిముట్ల మీద పెన్నుతో గీతలు గీయరాదు. మూలలు మడవరాదు. లోపల గట్టిగా మాట్లాడరాదు. మరకలతో తెచ్చినవి తిరిగి తీసుకోబడవు. (మట్టి కూడా మరకే అని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.)

దాంతో పారలన్నీ కొన్ననాటికంటే తళతళలాడుతున్నాయి. కొడవలి వంకరగా ఉందని మరమ్మతుకి పంపారు. తిన్నగా అయి వచ్చింది.

ఇంతలో వదిన పోసిన వంగనారు ముదరడం మొదలైంది. అది అల్లాటప్పా నారు కాదు. పోయిన వాళ్ళమ్మ మూటకట్టి దాచిన గింజలు, చిట్టచివరి చిటికెడు. ఈసారి ఒక్క కాయనైనా చెట్టు మీదే పండనిచ్చి గింజ తీసుకోకపోతే ఆ వంగ ఇక లేదు. మా నేల చూస్తే రాయి. గునపం దిగితే తప్ప గుంట పడదు.

"మాస్టారూ, నా గునపం ఒక్క పూట ఇప్పించండి" అంది వదిన.

"ష్! నీది కాదమ్మా, లైబ్రరీది" అన్నారు మాస్టారు. "పైగా ఒకే ప్రతి ఉంది. ఒకే ప్రతి ఉన్నవి రిఫరెన్స్ విభాగం. బయటికివ్వం."

"మరి దాన్నేం చేసుకోనండీ?"

"ఇక్కడే కూర్చుని చూసుకోవచ్చు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టకపోవడానికే సంస్థలు పెట్టుకుంటాం. వదిన నావైపు చూసింది. నేను కమిటీ సభ్యుణ్ణి కాబట్టి గోడవైపు చూశాను.

"పోనీ, ఇక్కడే వాడుకుంటే అభ్యంతరం లేదుగా?"

"నిక్షేపంగా వాడుకో తల్లీ. చప్పుడు మాత్రం చేయకు."

షెడ్డుకి గచ్చు లేదు, మట్టినేలే. పైన రెండు రేకులు గాలికి ఎగిరిపోయి ఎండ ధారాళంగా పడుతోంది. (రేకులు వేయాలంటే నిచ్చెన కావాలి. నిచ్చెన కూడా ఒకే ప్రతి. పైకప్పు షెడ్డుకి లోపలా, బయటా అన్నది ఇంకా తేలలేదు.) వదిన నడుం బిగించి, ఆ ఎండ పడేచోట, మాస్టారి కుర్చీకి మూరెడు దూరంలో గునపం దించింది. పోటుపోటుకీ ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నారు. తవ్వకం ఆపడానికి గోడ మీద నియమాలన్నీ మళ్ళీమళ్ళీ చదివారు పాపం. నేల గురించి ఒక్కటీ లేదు.

"ఏమయ్యా మరిదీ, గుడ్లప్పగించి చూసే బదులు ఆ నీళ్ళ క్యాను అందుకో!" అంది వదిన, గుంటల్లో నారు నాటుతూ. అందుకున్నాను. నిజం చెప్పొద్దూ, కమిటీలో ఉండి కూడా నాకు ఈల వేయాలనిపించింది. (లోపల ఈల నిషిద్ధం.)

బయట తోటలో గడ్డి కూడా మొలవలేదు గానీ, షెడ్డులో వంగ ఏపుగా పెరిగింది. పూసింది, కాసింది. కమిటీ సమావేశాలకి ఆకులు పక్కకి తప్పించుకుని కూర్చున్నాం. విత్తనానికని వదిలిన కాయ పసుపుపచ్చగా పండేదాకా వదిన రోజూ వచ్చి చూసుకునేది.

"మా అమ్మ పెంచిన చెట్టుకి అచ్చం ఇలాగే కాసేవయ్యా" అని కళ్ళు తుడుచుకుని కోయబోయింది.

"ష్!" అన్నారు మాస్టారు.

షెడ్డు లోపలున్నదంతా లైబ్రరీ ఆస్తేనని ముందురోజే తీర్మానమైపోయింది. (వదిన లేదు కదా అని నేనూ చెయ్యెత్తాను.) కాయ తొడిమకి నంబరు చీటీ కూడా కట్టేశారు.

వదిన మొహం చూసి మాస్టారి మనసు కరిగింది.

"బెంగపడకమ్మా. చెట్లకి ఇంకా కాయలున్నాయి, కాబట్టి ఇది రిఫరెన్స్ కాదు. హాయిగా ఇంటికి పట్టుకెళ్ళు" అన్నారు ఎంతో దయగా. "రెండు వారాల్లో తిరిగిచ్చేయ్. గింజ ఒక్కటీ తగ్గకూడదు."