దేవేందర్ చెయ్యి కోసుకున్న రోజు

యూనివర్సిటీ లైబ్రరీ గుమాస్తా దేవేందర్ ఆ పొద్దున గుమ్మడికాయ పులుసు పెట్టుకుని, తిని, పనికి వెళ్దామనుకున్నాడు. ఆ రోజు భార్య శిరీష పుట్టినరోజు. ఆమె పోయి ఎనిమిది నెలలు. ఆ పులుసంటే ఆమెకు ప్రాణం. గుమ్మడికాయకు మొదటి దెబ్బ మగవాడే వేయాలన్న ఆచారం కొద్దీ ఇన్నేళ్లూ కత్తి గుచ్చింది అతనే. ఆ తరువాతి కష్టమంతా ఆమెది. ఆ సంగతి తార్నాక ఫ్లాటు వంటగట్టు ముందు నిలబడితే ఇప్పుడు తెలిసింది.

కాయ బండరాయిలా ఉంది. కత్తి సగం దిగి ఇరుక్కుంది. లాగితే కాయంతా లేచి వచ్చింది. ఎడమ చేత్తో అదిమిపట్టి గుంజేసరికి కాయ గిర్రున తిరిగింది. కత్తి ఊడివచ్చి మణికట్టు మీద గీసుకుపోయింది. తువ్వాలు చుట్టుకుని తోటి గుమాస్తా నాగేష్‌కు ఫోన్ చేశాడు.

"నాగేష్, చెయ్యి కోసుకున్ననే. ఇయ్యాల రాను. శశిభూషణ్ సార్‌కు చెప్పు."

"అన్నా! ఎందుకట్ల చేసినవ్?"

"ఏం చెయ్యాలె? ఇయ్యాల శిరీష పుట్టినరోజు. ఆమె లేకుంటే నాతోని అయితలేదు."

అరగంటలో నాగేష్, సూపరింటెండెంట్ శశిభూషణ్ ఆటో దిగి మెట్లెక్కారు. వాళ్ల కంగారు చూసి కింది ఫ్లాటు కరుణమ్మ వెనకే వచ్చింది. తలుపు తీసిన దేవేందర్ చొక్కా మీద నెత్తురు, చేతిలో కత్తి. నాగేష్ ఒక్క గెంతులో కత్తి లాక్కున్నాడు. శశిభూషణ్ వంటింట్లో ఉన్న కత్తులన్నీ ఏరి బ్యాగులో వేశాడు.

"సార్, అన్నీ తీస్కపోతే నేనెట్ల?"

"అదేనయ్యా మా భయం!" శశిభూషణ్ అతన్ని కూర్చోబెట్టాడు. "పోయినోళ్లు పోతరు. ధైర్యంగ ఉండాలె. నన్ను జూడు, మా ఆమె పోయి మూడేండ్లు. ఒక్కనాడన్న ఏడ్చిన్నా?"

ఆ మాట దగ్గరే ఆయన భుజాలు కుదిలిపోయేలా ఏడ్చాడు. దేవేందర్ తువ్వాలు చుట్టిన చేత్తోనే ఆయన వీపు నిమిరాడు.

"ఊకోండ్రి సార్. నేను కోసింది గుమ్మడికాయను."

ఎవరూ నవ్వలేదు. కరుణమ్మ గట్టు మీది కాయను చూసింది.

"అయ్యో బాబూ, దొర్లే కాయని అలా పొడుస్తారా? కింద తడిగుడ్డ వెయ్యాలి. తొడిమ దగ్గర పలచగా ఓ చెక్క తీసి, ఆ చదును మీద బోర్లించాలి. కత్తి దిగాక వెనకనించి అప్పడాల కర్రతో మెల్లగా కొట్టాలి. చెయ్యి మాత్రం కత్తికి ఎదురు పెట్టకూడదు. ఏదీ, ఒక కత్తి ఇటివ్వండి."

శశిభూషణ్ అనుమానంగానే బ్యాగు తెరిచాడు.

మధ్యాహ్నం నలుగురూ నేల మీద కూర్చుని తిన్నారు.

"శిరీష చేసినట్టు లేదు," అన్నాడు దేవేందర్.

"ఉండదు," అని శశిభూషణ్ మరి రెండు గరిటెలు వేయించుకున్నాడు.

మర్నాడు సెలవు చీటీలో కారణం దగ్గర దేవేందర్ 'గుమ్మడికాయ' అని రాశాడు. శశిభూషణ్ దాని మీద సంతకం పెట్టి, తన చీటీలోనూ అదే రాసుకున్నాడు.