అలోంజో గారి తల ఊపు

ఆ మంగళవారం పొద్దున వెండెల్ స్ట్రిక్లండ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి స్టూడియో, పదిన్నరకల్లా పాట పూర్తి, ఆ తర్వాత వీధి చివర బండి దగ్గర ఒక బరిటో తినడం. పదిహేనేళ్ళు రాక్ బాండులో గిటార్లు విరగ్గొట్టి, సగం చెవుడు తెచ్చుకున్నాక, మాటలూ అరుపులూ లేకుండా జాజ్ కలిపి ఒక ఆల్బం చెయ్యాలని అతనికి బుద్ధి పుట్టింది. లాస్ ఏంజెలెస్‌లో పాత స్నేహితులంతా నవ్వారు. నవ్వితే నవ్వనీ! అతనికి కావలసిందల్లా ఒక్కటే: పియానో వాయించే అలోంజో టేట్ ఒక్కసారి మెచ్చుకోలుగా తల ఊపాలి.

అలోంజోకి అరవై రెండేళ్ళు. జాజ్‌లో పండిపోయిన మనిషి. వారం రోజులుగా వస్తున్నాడు, వాయిస్తున్నాడు, కోటు వేసుకుని వెళ్ళిపోతున్నాడు. మంచీ చెప్పడు, చెడ్డా చెప్పడు. వెండెల్‌కి అన్నం సయించడం లేదు.

"పదిన్నరకి టాక్సీ వస్తుంది నాయనా, చికాగో విమానం అందుకోవాలి," అన్నాడు అలోంజో వస్తూనే. "ఐదు నిమిషాల పాట ఐదు నిమిషాల్లో ముగిద్దాం."

"అలాగేనండీ," అంటూ వెండెల్ టోపీ సర్దుకున్నాడు.

తీగలు బిగించి, మైకులు సరిచేసేసరికి పదీ ఇరవై అయింది. అద్దం అవతల నుంచి రికార్డింగు చూసే మార్జీ చెయ్యెత్తింది. టేపు తిరిగింది. నాలుగో నిమిషంలో అలోంజో వెండెల్ వంక చూసి తల ఊపాడు.

జాజ్ వాళ్ళ లెక్కలో దానర్థం, 'ఇక ముగించు' అని. వెండెల్ జన్మంతా తనకి తలలూపే జనం ముందు వాయించినవాడు. అతని గుండె గంతులేసింది. ఇంకో చుట్టు అందుకున్నాడు. అలోంజో ఈసారి మెడ పట్టేసేంత గట్టిగా ఊపాడు. అయ్యబాబోయ్, ఇంత మెచ్చుకోలా! వెండెల్ రెట్టించి వాయించాడు.

లాభం లేదని అలోంజో వేలితో తన నెత్తి మీద తట్టుకున్నాడు. మొదటి వరసకి తిరిగి వచ్చి ముగించమని ఆ సైగ. టోపీ వంకరగా ఉంది కాబోలు అనుకుని వెండెల్ దాన్ని తీసి విసిరేశాడు. అది పోయి డ్రమ్ముల కార్కీ ఒళ్ళో పడింది. వారం రోజులుగా ఒక్కడే వాయించే తన వంతు కోసం కాచుకుని ఉన్న కార్కీ, ఇదే పిలుపనుకుని డ్రమ్ముల మీద విరుచుకుపడ్డాడు.

పంతొమ్మిదో నిమిషంలో అలోంజో లేచాడు. కోటు తొడుక్కున్నాడు. పియానో మూత ధడేల్‌మని మూసి, తలుపు కూడా అలాగే మూసి వెళ్ళిపోయాడు.

"చూశావా, ఎన్నిసార్లు తల ఊపారో!" అన్నాడు వెండెల్ చెమట తుడుచుకుంటూ.

"ఓరి పిచ్చి సన్నాసీ!" అంది మార్జీ. "ఆపమని బతిమాలాడయ్యా ఆ పెద్దాయన!"

వెండెల్ కుర్చీలో కూలబడ్డాడు. అంత సిగ్గు అతనెప్పుడూ పడలేదు. "చెరిపెయ్ తల్లీ ఆ టేపు. నేను పోయి మళ్ళీ గిటార్లు విరగ్గొట్టుకుంటా."

మార్జీ చెయ్యి మీట మీద పడేలోపే తలుపు తెరుచుకుంది. అలోంజో!

"టాక్సీవాడు చూసి చూసి చక్కాపోయాడు. ఇంక విమానం అందదు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఏదీ, నా ప్రయాణం మింగేసిన ఆ పాటేదో వినిపించమ్మా."

పంతొమ్మిది నిమిషాలూ కళ్ళు మూసుకుని విన్నాడు. వెండెల్ ఆయన తలనే చూస్తూ కూర్చున్నాడు. అది కదల్లేదు.

"నలభై ఏళ్ళుగా నేను తల ఊపితే ఆగనివాడు లేడు," అన్నాడు అలోంజో చివరికి. "నువ్వూ ఆగి ఉంటే ఆ చివరి పదిహేను నిమిషాలు ఉండేవి కావురా అబ్బాయ్. ఉంచు మార్జీ, ఉన్నదున్నట్టు ఉంచు."

"మూత చప్పుడో?" అంది మార్జీ.

"అదీ ఉంచు. కోపంలోనూ తాళం తప్పలేదు చూశావా!"

వెండెల్‌కి కళ్ళు చెమర్చాయి. ఎలాగూ విమానం పోయింది కదా అని ఇంకో పాట మొదలుపెట్టారు. ఈసారి అతను నెమ్మదిగా, ఎవరికీ ఏమీ నిరూపించే పని లేనట్టు వాయించాడు. అది ఎంత బాగుందంటే, అలోంజో తనకి తెలియకుండానే మైమరచి తల ఊపాడు.

వెండెల్ ఠక్కున ఆపేశాడు.

ఆ ఆల్బంలో అన్నిటికన్నా పొట్టి పాట అదే.