పల్లీపట్టి ఆమరణ దీక్ష

"ఏవండీ! నన్ను అడ్డాకు పెద్దమనిషిని చేసిండ్రు!" ల్యాప్‌టాప్ ముందు నుంచి ఇంద్రజ ఒక్క గెంతు గెంతింది. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో కోరుట్లలో బస్సులు నిలిచిపోయి అప్పటికి పది రోజులు.

అడ్డా అంటే రెండు వందల మంది మారుపేర్లతో వాదించుకునే ఇంటర్నెట్ చర్చావేదిక. పెద్దమనిషి అంటే దాని మోడరేటర్. అందులో ఇంద్రజ పేరు పల్లీపట్టి, అంటే వేరుశనగ చిక్కీ. బియ్యప్పిండితో కాల్చే సర్వపిండిలో పల్లీలే వేయాలని ఆమె ఆరు నెలలుగా వాదిస్తోంది. శనగపప్పేనని అందరికంటే పాత సభ్యుడైన 'కడక్ చాయ్' అంతే గట్టిగా వాదిస్తున్నాడు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. మధ్యలో ఇంద్రజకు పెళ్లయి ఇరవై రోజులైంది గానీ, వాదం మాత్రం ఆగలేదు.

సమ్మె మొదలయ్యాక అడ్డాలో ఓ సరదా ఆచారం పుట్టింది. కొత్త పెద్దమనిషి మెడలో దండతో, చేతిలో తన మారుపేరు రాసిన అట్టతో ఉత్తుత్తి దీక్షకు కూర్చుని ఫొటో పెట్టాలి. దీక్ష విరమించే నిమ్మరసానికి గుర్తుగా అందరికంటే పాత సభ్యుడు నిమ్మకాయ బొమ్మ పెట్టేదాకా లేవకూడదు.

"ఐదు నిమిషాల పని. అత్తమ్మ సర్వపిండి కాల్చేలోపు అయిపోతది," అని ఇంద్రజ అరుగు మీద కూర్చుంది. సమ్మెతో ఇంట్లోనే ఉన్న భర్త సురేందర్ ఫోన్ పట్టుకున్నాడు.

"మొకం జర నీరసంగ పెట్టు, ఇందూ."

"నవ్వు ఆగుతలేదండీ!"

ఫొటో అడ్డాకెక్కింది. నిమ్మకాయ రాలేదు. కడక్ చాయ్ జాడే లేదు.

"లేచి తినరాదు?" అన్నాడు సురేందర్.

"రూలు రూలే!"

లోపల మామగారు జగపతి రావు విసుక్కుంటున్నారు. రిటైరైనప్పటి నుంచి పెన్షన్ వివరాలు చూడాలంటూ రోజూ నెట్ సెంటర్‌కు వెళ్లే మనిషి. "ఇయ్యాల ఆడు గూడ షట్టర్ దించిండు. ఇంట్ల కూసొని ఏం జేయాలె?"

అప్పుడే ఊళ్లోని సమ్మె దీక్షా శిబిరానికి వెళ్తున్న పక్కింటి పుష్ప గేటు దగ్గర ఆగింది. దండ చూసింది, అట్ట చదివింది, కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తింది. పావుగంటలో డప్పులతో, హారతి పళ్లెంతో శిబిరమంతా వాకిట్లో ఉంది.

"అయ్యో బిడ్డా, కాళ్ల పారాణి గూడ ఆరలే!" అంది ముందు నిలబడ్డ శిబిరం పెద్ద గంగవ్వ.

"పల్లీపట్టి గూడ ముట్టదట!" అంది పుష్ప, అట్ట చూపిస్తూ.

"అది కాదు అక్కా, ఇది మా..." అని సురేందర్ అనబోయాడు. నినాదాలలో ఆ గొంతు మునిగిపోయింది.

"సిరిసిల్లల మీ బాపుకు ఫోన్ జేసినం, బిడ్డా. లీడర్లతోని బండి మీద అస్తుండు. పొద్దుగూకంగ ఆళ్ల చేతులతోనే నిమ్మరసం. గప్పటిదాక ఉత్త నీళ్లే!" అంది గంగవ్వ.

ఇంద్రజ నవ్వు ఎగిరిపోయింది. నిజం చెబితే ఇంత మందిని ఆట పట్టించినట్టే. పుట్టింటికీ అత్తింటికీ ఒకేసారి తలవంపులు. చెప్పకపోతే పొద్దుగూకే దాకా కడుపు మాడాలి. వంటింట్లోంచి సర్వపిండి వాసన నేరుగా అరుగు మీదికే వస్తోంది.

చప్పుడుకు జగపతి రావు బయటికి వచ్చారు. అట్ట చదివారు. మళ్లీ చదివారు. లోపలికి వెళ్లి, నిమ్మరసం గ్లాసుతో తిరిగొచ్చి, కోడలి చెవి దగ్గర వంగారు.

"ఆర్నెల్లాయె. శనగపప్పే అని ఒప్పుకో. తాపుత."

ఇంద్రజ నోరు తెరిచింది. "కడక్ చాయ్... మీరా మామయ్యా?"

"ఒప్పుకుంటవా, లేదా?"

"సచ్చినా ఒప్పుకోను. పల్లీలే!"

"ఏంది సారూ, పిల్ల సోలిపోతుంటే చెవుల ముచ్చట్లా?" గంగవ్వ గద్దించింది. "కొత్త పెండ్లిబిడ్డ. గింతసేపు కూసున్నదే గొప్ప. ఇంటి పెద్దమనిషి ఇస్తనంటే మాదేం లేదు, తాపుండ్రి. మిగిలింది మేం కూసుంటం, లీడర్లకు మేం చెప్తం."

జగపతి రావుకు ఓడిపోక తప్పలేదు. ఇంద్రజ ఒక్క గుటకలో గ్లాసు ఖాళీ చేసింది. జై తెలంగాణ అంటూ జనం శిబిరం వైపు కదిలారు.

అప్పటిదాకా గడపలో నిలబడి అన్నీ విన్న అత్తగారు ఊర్మిళ సర్వపిండి పళ్లెం తెచ్చి ఇద్దరి మధ్య పెట్టి, చేతిలోని గరిటె కింద పడేసింది. "ఆర్నెల్లు దీనికే కొట్లాడిండ్రా? ముప్పై ఏండ్ల సంది నేను రెండూ ఏసే చేస్తున్న. తినుడే గాని ఒక్కనాడన్న చూసిండ్రా? ఆఫీసులల్ల పెన్‌డౌన్ అంటున్నరు గదా, రేపటి సంది నాది గంటెడౌన్. మీరిద్దరే చేసుకోండ్రి."

ఆ సాయంత్రం అడ్డాలో పల్లీపట్టి, కడక్ చాయ్ మొదటిసారి కలిసి ఒక ప్రశ్న పెట్టారు: 'రేపు పొద్దున సర్వపిండి చేయాలె. అసలు ఎట్ల చేస్తరు?'